పారబోయమన్న నీళ్లతో చారు

నా కిడ్నీలను నేనే చారులో ముంచబోయిన కథ చెబుతాను. నవ్వుకోండి, పర్వాలేదు. సంతకం తప్ప ఇంకో అక్షరం రాదు నాకు. నేను చెబుతుంటే మా కోడలు లావణ్య రాస్తోంది. అప్పుడే ముసిముసిగా నవ్వుతోంది. రాయవే, అసలుది ఇంకా రానేలేదు!

మా ఆయన పోయాక అమీర్‌పేటలో కర్రీ పాయింట్ పెట్టి, హాస్టల్ పిల్లల కడుపులు నింపినదాన్ని. నా వంటింట్లో ఏ వస్తువూ చెత్తబుట్ట మొహం చూసేది కాదు. మిగిలిన టమాటా, బీరకాయ తొక్కు, అన్నీ పచ్చళ్లయ్యేవి. అలాంటిదానికి కిడ్నీలు మొరాయించాయి. పంజాగుట్ట ఆసుపత్రిలో డైట్ మేడం కూర్చోబెట్టి చెప్పింది.

“కూరగాయలు చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడు కూర వండుకోండమ్మా. ఒంట్లో పొటాషియం పెరిగితే గుండెకే ప్రమాదం. డయాలసిస్ దాకా పోకూడదు మనం.”

ఆ మిషన్ల పక్కన పడుకున్నవాళ్లను తలుపు సందులోంచి చూశాను. ఇంటికొచ్చి చెప్పింది చెప్పినట్టు చేశాను. ఉడికించాను, వంచాను. వంచి, ఆ నీళ్లను చూశాను. మునక్కాయ వాసన, పాలకూర రంగు! ఇంత సారాన్ని సింకుకు తాగిస్తారా ఎవరైనా? పాపం, చదువుల్లో పడి ఆ డైట్ మేడంకు వంట రాలేదనుకున్నాను. చింతపండు పిసికి, మిరియాలు దంచి, పోపు పెట్టాను. ముక్కలు నానిన అట్టముక్కల్లా ఉండేవి. చారు మాత్రం అమృతం.

తర్వాతి పరీక్షలో పొటాషియం పైకి లేచింది.

“కొబ్బరి నీళ్లు తాగుతున్నారా?”

“లేదు మేడం.”

“అరటిపండ్లు?”

“వాటి మొకం చూసి మస్తు దినాలైంది.”

“మరి ఎలా పెరిగిందమ్మా?”

“మీ మిషన్ ఖరాబైందేమో, జర సూపియ్యుండ్రి.”

ఇంటికొచ్చి లావణ్య మీద పడ్డాను. “నా కూరల ఏమన్న కలుపుతున్నవానే?”

“మీ గిన్నె మీరు ముట్టనియ్యరు గదా అత్తమ్మా, నేనేం కలుపుత?”

భయంతో అన్నం తగ్గించి చారు పెంచాను. పొటాషియం మళ్లీ పెరిగింది. ఇంకోసారి పెరిగితే ఆసుపత్రిలో చేర్చుకుంటామన్నాడు డాక్టరు. బెంచీ మీద నా పక్కన కూర్చునే యాదగిరి అన్న, ఒకప్పుడు బస్సు డ్రైవరు, ఆయనదీ నా జబ్బే, “ఏం తింటున్నవ్ అక్కా?” అని అడిగితే, నా చారు గొప్పంతా చెప్పాను. సలహాలివ్వడంలో నేనేం తక్కువ?

ఆఖరికి నా పథ్యం ఎంత పద్ధతైనదో రుజువు చేయాలని స్టీలు డబ్బాలో చారు పట్టుకెళ్లాను. మేడం చెంచాతో రుచి చూసింది.

“అబ్బ! ఉప్పు కూడా తక్కువే. ఎలా చేశారమ్మా?”

“మీరు వంచుమన్న నీళ్లే మేడం! ఒక్క సుక్క సుత పారబొయ్యలే.”

సాయంత్రం పంజాగుట్ట చౌరస్తా ట్రాఫిక్‌లో ఇరుక్కున్న బండిలా చెంచా గాల్లో ఆగిపోయింది.

“ఏంటమ్మా ఇది! ముక్కల్లో ఉన్న పొటాషియం ఆ నీళ్లలోకి దిగాలనే కదా ఉడికించమన్నది! ముక్కలు తిని ఊరుకున్నా సరిపోయేది. దిగిందంతా చారు పెట్టుకుని తాగారా? పైగా చింతపండు!”

డాక్టరుతో మందులు రాయించి పంపింది. అవి వాడి, చారు మానేశాక పొటాషియం దిగింది, డయాలసిస్ మిషన్ తప్పింది. కానీ ఆ రోజు తల దించుకుని బయటికి వస్తుంటే, ఎదురుగా యాదగిరి అన్న. చేతిలో పెద్ద ఫ్లాస్కు.

“అక్కా, నీ చారు కమాల్! రోజూ మా ఇంటిదానితోని చేపిస్తున్న. మేడంకు సుత రుచి సూపిద్దామని తెచ్చిన.”

ఫ్లాస్కు లాక్కుని చేతులు కడిగే సింకులో కుమ్మరించాను.

“పిచ్చి లేసిందా అక్కా? ఎర్రగడ్డ పిచ్చి దవాఖానకు తోల్కపోవాల్నా?”

“ముందు మేడం దగ్గరికి పోయి తిట్లు తినిరా అన్నా. ఎర్రగడ్డకు ఇద్దరం కలిసే పోదాం.”

కాబట్టి వెలుగుతున్న పొయ్యి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ ఇంట్లో కూరగాయల నీళ్లన్నీ సింకు సొత్తు. నేను తాగను, తాగమని చెప్పను, పోపు గరిటెతో వాటి దగ్గరికి పోను.

లావణ్యా, రాసింది చాలు, లే. ఆలుగడ్డలు ఉడికినట్టున్నాయి. నీళ్లు నువ్వే వంచు. అయ్యేదాకా నేను కళ్లు మూసుకుంటాను.