దిండులో మొలక

పాప దిండు తడిగా ఉందని ఎండలో వేయబోతే, కుట్టులోంచి తెల్లటి కాడ ఒకటి బయటికొచ్చి కనిపించింది. పురుగనుకుని దిండు విసిరికొట్టాను. అది కదల్లేదు. దగ్గరికెళ్లి చూస్తే పత్తి మొలక. మెడ వంచుకుని ఉంది, రెండాకులు ఇంకా విచ్చుకోలేదు.

మా పెరట్లో చెట్టుపత్తి ఉంది. ఆ దూదిలో గింజలన్నీ చేత్తోనే తీసి, మా అత్త తన మనవరాలికి ఈ దిండు కుట్టింది. ఒక గింజ ఆమె వేళ్లకి దొరకలేదు. పాప చొంగకి నాని మొలిచింది.

"చూడమ్మే, బిడ్డ నిద్రపోకుంటే దిండు గూడా మేలుకునింది!" అని అత్త ఒకటే నవ్వు.

నాకు నవ్వు రాలేదు. మా పాప రాత్రిళ్లు నిద్రపోదు. ఏడ్చినా బాగుండు, ఏడవదు. కళ్లు తెరుచుకుని నా భుజం మీదుగా వెనక గోడ వైపే చూస్తూ ఉంటుంది. బిడ్డ బాగానే ఉందని నెల్లూరులో డాక్టరమ్మ చెప్పింది. నా భయం వేరు. కడుపుతో ఉన్నప్పుడు తుఫాను వచ్చింది. పులికాట్ మీది గాలికి తలుపులు కొట్టుకుంటుంటే, రాత్రంతా పొట్ట పట్టుకుని మేలుకునే ఉన్నాను. ఆ మెలకువ దీనికి అంటిందేమో.

కాలేజీలో బాటనీ చదివాను. అడవి పత్తి గింజ తడి తగలగానే లేవదు, గట్టి పెంకులో నిద్రపోతుంది. మనుషులు విత్తగానే మొలిచినవాటి గింజల్నే మళ్లీ మళ్లీ విత్తారు. అట్లా పత్తికి నిద్ర లేకుండా పోయింది. పూతా అంతే. అడవి పత్తి రాత్రి పొడుగు కొలుచుకుని, రాత్రులు పెరిగాకే పూసేది. పొలం పత్తి ఆగదు. కొన్ని లక్షణాలకి జన్యువుల్లో అక్షరాలే మారాయి. పూత దగ్గర మాత్రం, ఒక జన్యువుని మూసి ఉంచిన రసాయనపు గుర్తు చెరిగిపోయి, ఆ జన్యువు తెరుచుకుంది. మా మేడమ్ దాన్ని గుర్తు అనే చెప్పేవారు. జ్ఞాపకాన్నీ మనం గుర్తనే అంటాం. పత్తికి రాత్రి గుర్తులేదు.

మరి నా బిడ్డకి?

మొలకని పారేయబోతే అత్త చెయ్యి పట్టుకుంది. "బిడ్డ తల కింద మొలిచినాది, పారేస్తావా ఏంది?" పాత పెయింటు డబ్బాలో నాటి మా గదిలో పెట్టింది. ఉప్పుగాలికని ఆ గది కిటికీ ఎప్పుడూ మూసే ఉంటుంది.

నిన్న సాయంత్రం చూస్తే మొలక ఒక పక్కకి వంగి ఉంది. అది వంగిన వైపు చూశాను. పాప రోజూ చూసే గోడ అదే. ఆ గోడ మీద ట్యూబులైటు.

పాప ఊపిరి తీసుకుంటోందో లేదో చూసుకోడానికి, ఇంటికి తెచ్చిన రోజు నుంచీ రాత్రిళ్లు ఆ లైటు నేను ఆర్పలేదు. రాత్రి అనేది ఒకటుందని పాపకి నేనెప్పుడూ చూపించలేదు.

ఈ రాత్రి ఆర్పేశాను. అత్త పాప పక్కన పడుకుంది. నేను వంటింట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. గదిలోంచి చప్పుడు లేదు. మేలుకుని ఉన్న రాత్రిళ్లలోనూ పాప చప్పుడు చేసేది కాదు. కళ్లు మూసుకుందో, చీకట్లో తెరుచుకునే ఉందో తెలియాలంటే లైటు వేయాలి.