పైడక్క వదలని చెయ్యి

మలేసియాలో క్లాంగ్ ఊరికి కాస్త దూరంలోని షాపింగ్ మాల్లో మా మనవరాలు మంచు మీద స్కేటింగ్ బూట్లతో జంట నాట్యం నేర్చుకుంటోంది. బూట్ల ఇనుప అంచులు మంచును గీరే చప్పుడు వింటూ నేను శాలువా కప్పుకుని కూర్చుంటాను. మొన్న తన జోడీ కుర్రాడు జారాడు. "చెయ్యి వదిలెయ్" అని కోచ్ కేకేసింది. పిల్ల వదిలేసింది, వాడొక్కడే పడ్డాడు. నాకు పైడక్క గుర్తొచ్చింది.

పైడక్క నా చిన్నప్పుడు రబ్బరు ఎస్టేటు లైన్లలో, అంటే కూలీల వరస ఇళ్లలో, మా పక్కింటి మనిషి. తెల్లవారితే రబ్బరు చెట్లకు గాట్లు పెట్టే పని, ఆదివారమైతే క్లాంగ్‌లోని వినోదాల పార్కులో చక్రాల బూట్లతో జంట నాట్యం. ఆ రోజుల్లో మలయాలో మంచెక్కడిది, సిమెంటు నేలే మాకు మంచు. ఆమె జోడీ సెంగ్, సైకిళ్లు బాగుచేసే చీనా అతను. ఇద్దరూ చాలా పోటీల్లో నెగ్గారు. లైన్లలో జనం నానా మాటలూ అనేవారు, ఆమె చెవిన పెట్టేది కాదు. తీరిక దొరికితే నన్ను గోదాం నేల మీద నిలబెట్టి నేర్పేది. మొదట నేర్పింది పడటమే.

"జోడీ పడితే సెయ్యొదిలీయాల. ఒగ్గీసి పోడానికి కాదే సత్తీ. నువ్వు నిలబడి ఆడ్ని లేపడానికి," అనేది.

అడవిలోని కమ్యూనిస్టులను అణచడానికి తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీలో మా లైన్ల చుట్టూ ముళ్లకంచె వేశారు. సెంగ్ వాళ్లను కూడా కంచె ఉన్న కొత్త ఊరికి తోలేశారు. పోటీ దగ్గరపడుతోందని ఒక సాయంత్రం అతను పైడక్క బూట్లకు కొత్త చక్రాలు బిగించి తెచ్చాడు. కర్ఫ్యూ వేళ దాటింది, చేతిలో పాసు లేదు. మా లైన్ల గేటు దగ్గర పోలీసులు పట్టుకున్నారు. పైడక్కనూ నన్నూ పిలిచి, "ఈ బూట్లెవరివి? ఇతనెవరో తెలుసా?" అని అడిగారు. సెంగ్ తలెత్తలేదు. బిగించిన పిడికిలి మాత్రం మెల్లగా విప్పాడు. సాధనలో వదిలెయ్యమని చెప్పే సైగ అది.

"తెల్దు," అంది పైడక్క.

కమ్యూనిస్టుల మనిషని ముద్రవేసి అతన్ని చీనాకు ఓడెక్కించారని తర్వాత తెలిసింది. క్లాంగ్‌లో పుట్టినవాడికి ఆ దేశంలో ఎవరున్నారు?

మెర్డెకా, అంటే దేశానికి స్వాతంత్ర్యం, వచ్చిన ఏడు పార్కులో పెద్ద పోటీ పెట్టారు. గెలిచిన జోడీని జీతానికి ఆడటానికి సింగపూర్ పంపుతామన్నారు. రబ్బరు చెట్లు గీసే కత్తి పక్కన పెట్టి బయటపడటానికి ఆమెకు మిగిలిన దారి అదొక్కటే. అద్దె బూట్లు, కొత్త జోడీ. అయినా అందరికంటే బాగా ఆడారు. చివరి మలుపులో అతను జారాడు. "వదిలీ అక్కా" అని నేల అంచున ఉన్న కమ్మీల దగ్గర నుంచి అరిచాను. ఆమె రెండు చేతులతో ఇంకా గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ పడ్డారు. ఆమె మణికట్టు అతని కింద నలిగి విరిగింది.

ఆసుపత్రిలో నేను కోపంగానే అడిగాను. "నువ్వే కదా సెప్పినావు. ఎందుకొదల్నేదు?"

"సెంగు సెయ్యి ఒదిలీసినాను గదే. మల్లీ ఎల్లి లేపనేకపోనాను," అని గోడవైపు తిరిగింది.

ఆ చెయ్యి వంకరగానే అతికింది. కత్తి పట్టనివ్వలేదు, బూట్ల తాళ్లూ కట్టనివ్వలేదు. కలుపు పీకుతూనే ముసలిదయింది, అలాగే పోయింది. తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

మొన్న మనవరాలు ఆయాసపడుతూ నా దగ్గరికి వచ్చింది. "అమ్మమ్మా, కరెక్టుగా ఒదిలీసినాను గదా?"

కుర్రాడు మంచు మీదే కూర్చుని మోకాలు రుద్దుకుంటున్నాడు.

"ఒదిలినావు సరే," అన్నాను. "ఇంకా ఇక్కడేటి సేస్తున్నావు? ఎల్లి ఆడ్ని లేపు."