గుమ్మం ముందు నల్ల బూట్లు

మా ఇంటి వెనుక వాటాలో ఉండిన నర్సమ్మ పోయిన వారం చనిపోయింది. తాను ఉద్యోగం చేసిన దవాఖానలోనే, తాను ఎన్నోసార్లు దుప్పట్లు మార్చిన వార్డులోనే పోయింది. కబురు తెచ్చిన ఆయాను నేను వెంటనే నమ్మలేదు. ముందు రోజు సాయంత్రం నేను చూసి వచ్చినప్పుడు గంజి తాగింది, గ్లాసు సరిగా కడగలేదని నాతో గొడవ పెట్టుకుంది. అట్లాంటి మనిషి తెల్లారేసరికి ఎట్లా పోతుంది? స్వయంగా వెళ్లి, మంచం పక్కన నిలబడి, చేయి పట్టుకుని చూశాకే ఒప్పుకున్నాను. నా స్థానంలో ఆమె ఉన్నా అంతే చేసేది. మేమిద్దరం అనుమానపు మనుషులం. మా స్నేహం కూడా అనుమానంతోనే మొదలైంది.

డెబ్బైలలో, మా వారు ఇంకా ఆఫీసుకు పోతున్న రోజుల్లో, ఆమె ఇల్లు అడగడానికి వచ్చింది. అప్పటికి మా మట్టెవాడలో ఆమె తిరగని సందు లేదు. ఒంటరి ఆడది, పైగా రాత్రి డ్యూటీలు. ఎవరూ ఇల్లు ఇవ్వడం లేదు. అడగవలసినవన్నీ నేనూ అడిగాను.

"ఆయన పోయిండక్కా. పిల్లలు లేరు. నాకోసం వచ్చేటోళ్లు ఎవలూ లేరు" అన్నది.

"మగవాళ్లు వచ్చుడు పోవుడు ఉంటే నాకు నడవదు."

"నాకూ నడవదు."

ఆ జవాబు నచ్చి వాటా ఇచ్చాను.

ఆ వాటాకు పక్క సందులోకి వేరే గుమ్మం ఉంది. మా వంటింటి కిటికీలోంచి చూస్తే స్పష్టంగా కనిపిస్తుంది. ఆమె చేరిన కొద్ది రోజులకే ఆ గుమ్మం ముందు ఒక జత మగవాళ్ల బూట్లు వెలిశాయి. నల్ల తోలువి, లేసులవి, పెద్ద పాదాలవి. నాకంటే ముందు ఎదురింటి కిరాణా దుకాణం ఆమె చూసింది.

"వదినా, మీ నర్సమ్మ ఇంట్ల మగమనిషి లేడంటివి. మరి గా బూట్లు వాటంతటవే నడుసుకుంట వచ్చినయా?"

"చూస్తున్న."

"నువ్వు చూసుకుంటనే ఉండు. అవతల ఆయన సామాను గూడ దింపుతడు."

నాకు లెక్క కుదరని సంగతి ఏదైనా ఉంటే అన్నం సహించదు. చూడడం మొదలుపెట్టాను. ఒకరోజు బూట్ల ముక్కులు తలుపువైపు ఉండేవి, ఇంకోరోజు సందువైపు. వారం మధ్యలో దుమ్ము పట్టి ఉండేవి. ఆదివారం ఆమె చాప వేసుకుని కూర్చుని వాటిని శుభ్రం చేసేది. మా ఇంట్లో పెళ్లికి కూడా ఎవరూ అంత శ్రద్ధగా ముస్తాబు కాలేదు. ముందు లేసులు ఊడదీసి ఉతికేది. పొడి బ్రష్షుతో దుమ్ము దులిపి, పాత టూత్ బ్రష్షుతో అడుగు కుట్ల వెంట మట్టి తీసేది. తడి గుడ్డతో తుడిచి, ఆరాక పాలిష్ పలుచగా రాసి, అది తోలులోకి ఇంకేదాకా వదిలేసి, ఆ తర్వాతే రుద్దేది. ఇంత సేవ ఎవరికోసం? మనిషి మాత్రం ఒక్కనాడూ కనిపించడు. బూట్లే వచ్చిపోతున్నట్టు ఉండేది.

నెలాఖరుకు ఖాళీ చేయించాలని నిర్ణయించి మా వారితో చెప్పాను.

"పాపం, ఎక్కడికి పోతది? ఇంకెవ్వరూ ఇయ్యరు" అన్నారాయన.

"అది ఆమె చూసుకోవాలె" అన్నాను.

ముందురోజు సాయంత్రం నుంచి వాన పడుతున్న ఒక పొద్దున, ఆమె డ్యూటీ నుంచి రాకముందే వెళ్లి బూట్లు చూశాను. పైన తడి. ముక్కుల మీద, పక్కలకు బురద. తిప్పి చూస్తే అడుగులు మాత్రం శుభ్రంగా, పొడిగా ఉన్నాయి. అడుగుకు బురద అంటకుండా వానలో నడిచిన మగవాణ్ణి నేనింకా చూడలేదు. లోపల చేయి పెడితే న్యూస్ పేపరు గట్టిగా కుక్కి ఉంది. అంతలో ఆమె వచ్చింది. నా చేతిలో బూటు చూసి గొడుగు మూయడం మరిచిపోయింది.

"ఎవలివి ఇవి?"

"ఎవలివీ కావక్కా. పాత సామాన్ల అంగట్ల కొన్న."

"ఎందుకు?"

"ఒకడు ఎన్కపడ్డడు. ఇంతకుముందు ఇల్లు ఖాళీ చేసింది గూడ వాని వల్లనే. బూట్లు కనవడితె లోపల ఎవలో ఉన్నరనుకుంటడు." గొడుగు మూసి, "వాన పడ్డ రోజు పొడి బూట్లుంటె అనుమానం వస్తది గదా, అందుకే డ్యూటీకి పోయేటప్పుడు బురద పూసిన" అన్నది.

నేను తల ఊపలేదు. కథలు ఎవరైనా చెప్పగలరు. కానీ ఖాళీ చేయమనే మాటను మాత్రం నోట్లోనే ఆపుకున్నాను.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం, ఆమె రాత్రి డ్యూటీ చేసి వచ్చి నిద్రపోతుండగా, సందులో ఒక సైకిలు ఆగింది. దిగినవాడు తలుపుదాకా వచ్చి బూట్లు చూశాడు. వెనక్కి తిరిగాడు. మళ్లీ వచ్చాడు. అటూ ఇటూ చూసి, కింద కూర్చుని, ఒక బూటు చేతిలోకి తీసుకున్నాడు. అనుమానపు మనిషి తర్వాత ఏం చేస్తాడో నాకు తెలుసు. తిప్పి చూస్తాడు. తర్వాత లోపల చేయి పెడతాడు.

"ఎవలయ్యా నువ్వు?" అని కిటికీలోంచి అరిచాను. "మా తమ్ముని బూట్లతోటి నీకేం పని? లోపల పండుకున్నడు, లేపుమంటవా?"

"ఇల్లు తప్పినమ్మా" అంటూ బూటు పడేసి సైకిలెక్కాడు. నాకు తమ్ముళ్లు లేరు.

నా అరుపుకు ఎదురింటామె బయటికి వచ్చింది. "అవి మీ తమ్మునివా? ముందే చెప్తే ఏంబోయె?"

"నువ్వు అడిగినవా?" అన్నాను.

సందు సద్దుమణిగాక నర్సమ్మ తలుపు తీసింది. ముఖం పాలిపోయి ఉంది. నాకు దండం పెడుతుందేమో అనుకున్నాను. ఆమె అడిగింది వేరే. "అక్కా, తమ్ముడు ఏం పని చేస్తడు? ఎవలన్న అడిగితె ఇద్దరం ఒకటే చెప్పాలె."

"పోలీసు."

"పోలీసుల బూట్లు ఎర్రగుంటయి. దొరికిపోతం. రైలు గార్డు అందాం. కాజీపేటల డ్యూటీ. ఎప్పుడొస్తడో, ఎప్పుడు పోతడో ఎవలికీ తెల్వదు."

అట్లా నాకు ఒక తమ్ముడు పుట్టాడు. ఆ ఆదివారం నేనూ ఆమె చాప మీద కూర్చున్నాను. "బురద అడుగుకు గూడ పూయాలె" అని నేను చెప్పాను. తోలును ఎండలో పెట్టొద్దనీ, నూనె తాగిస్తే మెత్తబడి సాగుతుందనీ ఆమె నాకు చెప్పింది. కొత్త పాలిష్ డబ్బీ మూత తీసి వాసన చూడనిదే దుకాణం మెట్టు దిగేది కాదు. మూత బిగుసుకోకపోతే, "వీడు తీసి మళ్ల పెట్టిండు" అని తిరిగి ఇచ్చేసేది.

ఎవరూ తొడగని బూటుకు ముడతలు ఉండవు, చూసేవాడికి తెలిసిపోతుంది. అందుకని పాత గుడ్డలు కాళ్లకు చుట్టుకుని, మా పెరట్లో ఆమె కాసేపు, నేను కాసేపు వాటిని తొడిగి నడిచేవాళ్లం. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి నేను టకటకా నడుస్తుంటే మా వారు పేపరు మీంచి చూసి, "బామ్మర్ది డ్యూటీ దిగిండా? చాయ్ పెట్టుమంటవా?" అనేవారు. సైకిలు వాడు మళ్లీ రాలేదు. అయినా మేము మానలేదు. "రాలేదంటె రాడని కాదు" అనేది ఆమె. తోలు పగిలితే మైనం రుద్దించింది, అడుగులు అరిగితే కొత్తవి వేయించింది. అవి మాతోపాటే ముసలివయ్యాయి.

ఈ మధ్య ఆమె జబ్బుపడి దవాఖానలో చేరిన తర్వాత బూట్ల పని నేనే చూశాను. చూస్తున్నానో లేదో అని ఆమెకు అనుమానం. వెళ్లిన ప్రతిసారీ నా గోళ్లు పట్టుకుని చూసేది, పాలిష్ నలుపు ఉందా అని.

మొన్న సామాను తీసుకుపోవడానికి తొర్రూరు నుంచి ఆమె చెల్లెలి కొడుకు వచ్చాడు. నలభై దాటినవాడు. ట్రంకు పెట్టె, కుక్కరు, తెల్లచీరల మూట సర్దాక గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

"పెద్దమ్మ ఒక్కతే ఉండేదన్నరు. మరి ఇవి ఎవలివి?"

ఆ గొంతు నేను ఎరిగినదే. ఒకప్పుడు నాది. ఆ ఒక్క జత బూట్ల మీద, పోయిన మనిషి బతుకంతా తూచడానికి సిద్ధంగా ఉన్నాడు.

"మా తమ్మునివి" అన్నాను. "రైలు గార్డు. ఇక్కడ ఇడుస్తడు."

నా ముఖం చూశాడు. నమ్మలేదు. ఆమె రక్తమే మరి. వంగి ఒక బూటు తీసి, తిప్పి అడుగు చూశాడు. ముందురోజు వాన పడింది. మడమ దాకా బురద, ఇంకా పచ్చిగానే ఉంది.

"అట్లనా" అని, ఎక్కడ తీశాడో అక్కడే పెట్టి వెళ్లిపోయాడు.

వాటా ఇప్పుడు ఖాళీగా ఉంది, తాళం వేశాను. నిన్న ఆదివారం లేసులు ఉతికాను. ఈ పొద్దున మళ్లీ చినుకులు పడ్డాయి. దొడ్లో నుంచి కొంచెం మట్టి తెచ్చి రెండు అడుగులకూ పూసి, బూట్లను తాళం ముందు పెట్టాను, ముక్కులు తలుపువైపు ఉండేట్టు.