రౌటరు మామయ్యగారు

రౌటరు మామయ్యగారు ఏ ప్రశ్నకీ జవాబు చెప్పరు. జవాబు ఎవరికి తెలుసో మాత్రం చెబుతారు. ఈ సంగతి పెళ్ళికి ముందే ఎవరైనా చెవిన వేసి ఉంటే బాగుండేదని కోడలు రోజూ తల పట్టుకుంటుంది.

"మామయ్యగారూ, గ్యాసు అయిపోయింది. ఎవరికి ఫోన్ చెయ్యాలి?"

"నాకు తెలీదమ్మా. ఎదురింటి టీచరుగారిని అడుగు."

పిల్లాణ్ణి చంకనేసుకుని వెళ్తే, టీచరుగారు కూర్చోబెట్టి, వాణ్ణి ముద్దుచేసి, తీరిగ్గా మందులషాపావిడ దగ్గరికి పంపింది. ఆవిడ ఊరి కబుర్లన్నీ చెప్పి, చివరికి నంబరు ఇచ్చింది. ఎండలో కమిలిపోయి ఇంటికొచ్చి చూస్తే, ఆ నంబరు మామగారి ఫోనులోనే ఉంది!

"ఇదేమిటండీ?"

"ఓహో, ఉందా?" అంటూ ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు.

ఆయన ఉద్యోగం అలాంటిది. ఆఫీసు నెట్‌వర్కు అంచున ఉండే రౌటరును చూసుకుంటారు. లోపలి కంప్యూటర్ల నుంచి బయటికి పోయే సమాచారపు ముక్కలు, అంటే ప్యాకెట్లన్నీ, దాని మీదుగానే పోవాలి.

"దానికి ప్రపంచమంతా తెలియక్కర్లేదమ్మా. ఏ పక్క నెట్‌వర్కుకి అందించాలో తెలిస్తే చాలు. అక్కణ్ణుంచి వాళ్ళు చూసుకుంటారు."

"ఇల్లిల్లూ తిరగడానికి నేనేమైనా ప్యాకెట్టునా?" అని కోడలు గయ్యిమంది.

భర్తది ఓడలో ఉద్యోగం, నెలల తరబడి సముద్రం మీదే. కొత్త చోటు, తన వాళ్ళంటూ ఎవరూ లేరు, ఉన్న ఒక్క మామగారూ ఇలా. ఒంటరితనం భరించలేక, పిల్లాణ్ణి తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోతానని భర్తకి చెప్పేసింది.

అంతలో ఒకరోజు పిల్లాడు గదిలోకి దూరి గడియ వేసేసుకున్నాడు. మామగారు ఆఫీసులో ఉన్నారు. కోడలు ఆయనకి ఫోన్ చేసింది.

"వడ్రంగి నంబరు చెప్పండి, తొందరగా!"

"నాకు తెలీదమ్మా, పక్క..."

ఆ ముక్క పూర్తి కాకుండానే ఫోన్ పెట్టేసి, వీధిలోకొచ్చి కేక వేసింది. టీచరుగారు పరుగున వచ్చి కిటికీలోంచి పిల్లాడికి కథ మొదలుపెట్టింది. మందులషాపావిడ వడ్రంగిని వెంటబెట్టుకొచ్చింది. తలుపు ఊడదీసి చూస్తే, వెధవ ఒళ్ళంతా పౌడరు పూసుకుని నవ్వుతున్నాడు.

"వడ్రంగి నంబరు తెలీదన్నారండీ ఆయన!" అని కోడలు పిల్లాణ్ణి గట్టిగా పట్టుకుని ఏడ్చింది.

"తెలియకపోవడమేమిటి? మేమిద్దరం ఒకే బళ్ళో చదువుకున్నాం," అన్నాడు వడ్రంగి.

మందులషాపావిడ ఫక్కున నవ్వింది. "నువ్వు ఈ ఊరు రాకముందే మా అందరికీ చెప్పారమ్మా. 'మా కోడలికి బిడియం ఎక్కువ, ఇక్కడెవరూ తెలీదు. ఏదో వంకన పంపిస్తుంటాను, కాస్త కూర్చోబెట్టి మాట్లాడండి' అన్నారు."

కోడలికి ఒళ్ళు మండింది. ఎండలో తిరిగిన తిరుగుడంతా గుర్తొచ్చింది. అదే సమయంలో ఆ మనిషి మీద ప్రేమ ముంచుకొచ్చి, చిరాకు ఇంకా పెరిగింది. అందరినీ టీ తాగి వెళ్ళమని పట్టుబట్టి కూర్చోబెట్టింది.

టీలు పోస్తుండగా ఓడ నుంచి భర్త ఫోన్ చేశాడు.

"పుట్టింటికి టికెట్టు తీయించనా?"

"తర్వాత ఫోన్ చెయ్యండి," అంది కోడలు. "ఇంటినిండా మన వాళ్ళున్నారు."