డోరు మెల్లగ వెయ్యి

కారు డోరు వేసే తీరు చూసి మనిషి ఎలాంటివాడో చెప్పేస్తానని ఒకప్పుడు గొప్పలు పోయేవాణ్ణి. మా కడప వైపు పాత జీపుల్లో తిరిగిన జనానికి డోరు వేయడమంటే దాని మీద పగ తీర్చుకోవడమే. ఆ జీపు డోర్లు లాగి కొడితే గాని పడవు మరి. అదే అలవాటుతో కువైట్ వచ్చి, వేలితో తోస్తే మూసుకునే పెద్ద పెద్ద బళ్ల డోర్లను కూడా ధడేల్మనిపిస్తారు. నాకు ఒళ్లు మండిపోయేది. ఈ జబ్బు అందరికంటే ఎక్కువ నా చెల్లెలికే ఉండేది.

నేను జాబ్రియాలో ఒక ఇంటి డ్రైవర్ని. చెల్లెలు దక్షిణాన వఫ్రాలో ఒక తోటలో పనివాళ్లకు వండిపెట్టేది. ఆ ఎండాకాలం మా యజమానురాలు టమాటాల కోసం నన్ను ఆ తోటకే పంపింది. అక్కడి వాడుక ప్రకారం ఆవిణ్ణి పనివాళ్లమంతా మామా, అంటే అమ్మగారూ, అనేవాళ్లం. తిరిగొస్తుంటే ముందు పోతున్న కంకర లారీ నుంచి ఒక రాయి ఎగిరొచ్చి ముందద్దానికి తగిలింది. డ్రైవర్ వైపు కింది మూలలో వేలెడంత చీలిక పడింది. నా గుండెలో రాయి పడ్డట్టయింది.

మామా మాత్రం కసురుకోలేదు. సెలవులకు చలిదేశం పోయే హడావిడిలో ఉంది. "ఇన్సూరెన్స్ ఉంది కదా, వాళ్లే మారుస్తారు. మేము తిరిగొచ్చేసరికి కొత్త అద్దం ఉండాలి, ఖలాస్" అని చెప్పి, ఇల్లూ కారూ నాకు అప్పగించి కుటుంబంతో విమానమెక్కింది.

పోలీస్ స్టేషన్లో కాగితం రాయించుకుని షర్క్‌లో ఉన్న ఇన్సూరెన్స్ ఆఫీసుకు పోయాను. అక్కడి ఈజిప్టు గుమాస్తా చీలికను వేలితో తడిమి చూశాడు. "గురువారం పొద్దున్నే తీసుకురా, గ్యారేజీకి పంపి మార్పిస్తాను. అందాకా ఏసీ గట్టిగా పెట్టకు. డోర్లు వేసేటప్పుడు కిటికీ కాస్త దించుకో, లేకపోతే లోపలి గాలి తన్ని చీలిక పాకుతుంది" అన్నాడు. ఆ మాటను నేను వేదంలా పట్టుకున్నాను. కారెక్కిన ప్రతివాడికీ మెల్లగ వెయ్యి, మెల్లగ వెయ్యి అని చెప్పి చెప్పి నా నోరు నొప్పిపుట్టింది.

గురువారం తెల్లవారుతూనే బయల్దేరాను. రోడ్లన్నీ ఖాళీ. ఇవాళ లైన్లో నేనే ముందుంటానని సంబరపడ్డాను కూడా. సర్కిల్ దగ్గర ఒక ట్యాంకు రోడ్డుకు అడ్డంగా తిరుగుతోంది. కువైట్ సైన్యం కవాతు చేస్తోందేమో అనుకున్నాను. దాని చక్రాల కింద నలుగుతున్న తారు ముక్కలు ఎగిరి అద్దానికి తగులుతాయేమోనని కారు పక్కకు తీశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! అంతలో దాని మీది సైనికుడు గాల్లోకి తుపాకీ పేల్చాడు. అది కువైట్ వాళ్ల దుస్తులు కాదని అప్పుడు గాని కనిపించలేదు. రివర్స్‌లో ఎంతదూరం వచ్చానో నాకే తెలియదు. ఇరాక్ సైన్యం దిగిందని ఇంటికి చేరాక రేడియోలో విన్నాను.

ఇక ఎక్కడి ఇన్సూరెన్సు, ఎక్కడి అద్దం! సైనికులు ఇల్లిల్లూ తిరిగి మంచి కార్లు ఎత్తుకుపోతున్నారు. మా బండిని పెరట్లోకి తోసి, పాత పరుపులూ చాపలూ కప్పి దాచాను. వారాలు గడిచాయి. చెల్లెలి కబురు లేదు. అటువైపు బస్సులు మామూలు రోజుల్లోనే అరుదు, ఇప్పుడసలు లేవు. అన్నం నోటికి పోయేది కాదు.

ఒక మధ్యాహ్నం కోనసీమ మనిషి ఒకాయన గేటు తట్టాడు. తోటల నుంచి కూరగాయలు తోలే వ్యాను ఆయనది. వ్యాను లాగేసుకుంటే నడుచుకుంటూ, వాళ్లనూ వీళ్లనూ బతిమాలుకుంటూ, చెల్లెలు చెప్పిన గుర్తులు పట్టుకుని వచ్చాడు.

"మీ చెల్లాయిగారు అక్కడ ఒక్కత్తే ఉండిపోయారండీ. తోట యజమాని సరిహద్దు దాటేశాడండి, పనోళ్లు తలోదారీ పట్టేశారు. మోటారుకి కరెంటు లేదు, తొట్టిలో నీళ్లు కూడా అడుగంటిపోయాయండి. మనోళ్లని బస్రా మీదుగా జోర్డాన్ చేర్చే బస్సులు ఎల్లుండి బయల్దేరతాయంట. ఈలోపు తెచ్చుకోకపోతే ఇంక చెప్పలేమండీ!"

నాకున్నది ఆ కారొక్కటే. దారిలో దాన్ని లాక్కుంటే ఆ ఇసుకలో నా చెల్లెలి గతి అంతే. తీసుకుపోకపోయినా అంతే. కులదేవతకు దండం పెట్టుకుని మర్నాడు పొద్దున్నే పరుపులు లాగిపారేశాను.

పోయేటప్పుడు అదృష్టం బాగుంది. ఇద్దరు ముగ్గురు సైనికులు ఆపి సిగరెట్లు తీసుకుని వదిలేశారు. తోటలో చెల్లెలు రేకుల షెడ్డు ముందు నీళ్ల బకెట్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. చుట్టూ మేకలు నాలుకలు చాచి నిలబడ్డాయి. బుగ్గలు పీక్కుపోయాయి, నోరు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

"ఇన్ని దినాలు యాడ పోయింటివి న్నా? నేను ఉండానో సచ్చినానో సూసుకోవా?"

మిగిలిన నీళ్లు మేకలకు పోసి, మూట వెనక సీట్లో విసిరేసి, తనూ అక్కడే ఎక్కి డోరు ధడేల్మని వేసింది. నా వైపు కిటికీ దించి ఉంది కాబట్టి సరిపోయింది. అయినా చీలిక ఇంకో వేలెడు పాకింది.

"మ్మే! మెల్లగ వెయ్యమంటే వినవే! అద్దం పగిలిండాది సూడు!"

"నా పానం పోతాంటే నీకు అద్దం కావల్సొచ్చెనా?"

తిరుగుదారిలో జాబ్రియా ఇంకా చాలా దూరం ఉందనగా కొత్తగా పీపాలు అడ్డం పెట్టారు. ఒక సైనికుడు వచ్చి కారు చుట్టూ తిరిగాడు. బానెట్ మీద అరచేత్తో నిమిరాడు. ఆ నిమరడం చూడగానే వాడి ఉద్దేశం తెలిసిపోయింది. గోధుమరంగు బండి, నేను రోజూ తుడిచి తుడిచి నున్నగా ఉంచిన బండి!

"సయ్యారా జైన్" అన్నాడు. బండి బాగుందట. తర్వాత తుపాకీతో దిగమని చూపించి, తాళం చెవి కోసం చెయ్యి చాపాడు.

నాకొచ్చిన అరబ్బీ అంతా వాడి కాళ్ల మీద పోశాను. చెల్లెలు, నీళ్లు లేవు, జాబ్రియా, అల్లా నిన్ను చల్లగా చూడాలి. వాడు వినలేదు. తుపాకీ గొట్టం నా పక్కటెముకలకు తగిలింది. దిగేముందు కిటికీ పూర్తిగా ఎత్తడం నాకు అలవాటు, ఆ భయంలోనూ ఎత్తేశాను. తాళం చెవి వాడి చేతిలో పెట్టి, నా డోరు మెల్లగా మూశాను. చుట్టూ ఇసుక, నెత్తిన నిప్పులు కురిసే ఎండ. ఇద్దరం అక్కడే రాలిపోతామనుకున్నాను.

చెల్లెలు మూట చంకన పెట్టుకుని దిగింది. ఏడుస్తోంది. ఉన్నట్టుండి వాడి వైపు తిరిగి మా ఊరి గొంతుతో అరిచింది.

"ఎత్తకపోండ్రా! మీ బండి కాటికి పోను, ఎత్తకపోండి!"

ఒంట్లో ఉన్న బలమంతా చేతుల్లోకి తెచ్చుకుని డోరు కొట్టింది.

టప్పుమని శబ్దం. చీలిక ముందద్దమంతా ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తింది. కళ్లముందే సాలెగూడు అల్లుకుంది. తుపాకీ పేలిందనుకుని సైనికుడు వంగిపోయాడు. లేచి చూసి, డ్రైవర్ సీట్లో కూర్చుని రోడ్డు కేసి తల వంచాడు. ఎండ ఆ గీతల్లో మెరిసి ఏమీ కనబడలేదు. ఏదో తిట్టి దిగాడు. మా వెనక వచ్చి ఆగిన మరో బండికి అద్దం శుభ్రంగా ఉంది. తాళం చెవి నా మొహాన విసిరి, "యల్లా, రూహ్!" అన్నాడు. పొమ్మని.

తల కిటికీలోంచి బయటపెట్టి నడిపాను. వేడిగాలికి కళ్లు మండిపోయాయి. నీళ్లు కారుతున్నాయి, గాలికనే సాకు ఉండడం మంచిదైంది. చాలాసేపటికి వెనక నుంచి సన్నగా వినిపించింది.

"తిట్టవా న్నా?"

తల అడ్డంగా ఊపాను.

ఇంటి గేటు దగ్గర తను దిగింది. మూట కింద పెట్టి, డోరును రెండు వేళ్లతో, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు మెల్లగా తోసింది. అది పడనే లేదు. నా వైపు భయంగా చూసింది.

"గట్టిగ వెయ్యి తల్లీ" అన్నాను.