కూర్చుని వాయించే గిటారు

పెళ్ళి కుదిరే ముందు కాలు జారినవాళ్ళను చూశాను, నోరు జారినవాళ్ళనూ చూశాను. నిండు పందిట్లో నాడె జారినవాణ్ణి మాత్రం ఒక్కణ్ణే చూశాను, అదీ అద్దంలో. నాడె అంటే తెలియనివాళ్ళకు చెబుతున్నాను: మగ్గం మీద పోగును ఈ చివరి నుంచి ఆ చివరికి మోసుకుపోయే కొయ్య పడవ. రెండు కొసలకూ ఇనప ములుకులుంటాయి. దాంతో నేను చేసిన ఘనకార్యానికి ఆదిలాబాదులో ఒక వినాయకుడు, మా మేనమామ, ఒక గంగాళం నిండా ప్రసాదానికి వండిన రవ్వ శిరా సాక్షులు. మీరు నవ్వుకోవచ్చు, నాకేం పట్టింపు లేదు. అప్పటి ఆ పోరడు నాకిప్పుడు ఎవరో పక్కింటివాడిలా అనిపిస్తాడు.

ముందు వాడి రోగం చెప్పాలి. పేరు రాజేశం, ఊరు చొప్పదండి, ఇంట్లో తాతల నాటి నుంచీ నేత. చూడటానికి బాగానే ఉండేవాణ్ణి. కానీ నలుగురి ముందు నిలబెడితే మోకాళ్ళు వణికేవి. వణికి ఊరుకుంటే ఫికర్ లేదు, వాటంతటవే ఉరికేవి. పంద్రాగస్టు నాడు బడిలో ఉపన్యాసం చెప్పమంటే "అధ్యక్షా" అన్న మాట మైకులో ఉండగానే నేను గేటు బయట ఉన్నాను. డిగ్రీ అయ్యాక మా మామ లక్ష్మీరాజం, తాను పనిచేసే ఆదిలాబాద్ జిన్నింగు మిల్లులో గుమస్తా పని ఇప్పిస్తానని సేటు ముందుకు తీసుకుపోయాడు. సేటు "నీ పేరేంది?" అన్నాడు. అంత కష్టమైన ప్రశ్న నేనప్పటిదాకా వినలేదు. గుమ్మం బయట విడిచిన చెప్పులు కూడా తొడుక్కోకుండా బస్టాండుకు చేరాను.

ఆ చెప్పుల్ని మామ తన ఇంటికి తెచ్చి దాచిపెట్టాడు. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ వాటిని చూపించేవాడట.

నవ్వులాటే అయితే బాధ లేదు. మామ కూతురు సరోజన అంటే నాకు ప్రాణం. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులన్నీ మా ఇంట్లోనే గడిపేది. మాట తక్కువ. మా బాపు మగ్గం మీద పోగు తెగితే రెప్పపాటులో అతికేది. ఆ ముడి ఎక్కడుందో వెతికినా దొరకదు, లాగినా ఊడదు. నన్ను కన్న మా అవ్వ ఆ పిల్లనే కోడలిగా అడిగింది. మామ అక్కను కాదనలేక, అల్లుణ్ణి ఔననలేక నలిగిపోయాడు.

"అక్కా, పోరడు మంచోడే. సదువున్నది, అలవాట్లు లెవ్వు. గని నిలబడడు. రేపు నా బిడ్డను నడి బజార్ల ఇడిసి ఉరుకుతె నేనెవలికి చెప్పుకోవాలె?"

నువ్వే చెప్పరా అన్నట్టు అవ్వ నా కోసం చూసింది. నేను అప్పటికే పెరటి గోడ దూకాను.

అలాంటి రోజుల్లో కరీంనగర్‌లో ఒక ఆదివారం పొద్దుటి ఆటకు ఇంగ్లీషు సినిమా వచ్చింది. పోస్టర్ మీద జుట్టు విరబోసుకున్నవాళ్ళను చూసి ఆడవాళ్ళనుకుని హాలు నిండిపోయింది. లోపలికి పోయాక అందరికీ గడ్డాలున్నట్టు తెలిసింది. కథ లేదు, ఫైటింగ్ లేదు. పెద్ద మైదానం, అందులో బురద, బురదలో జాతరంత జనం, స్టేజీ మీద పాటగాళ్ళు. జరిగింది జరిగినట్టు తీసిన సినిమా అట. ఒకడు గిటారు పట్టుకుని ఎగురుతాడు, ఒకడు పొర్లుతాడు, ఒకడు ఆ గిటారునే నేలకేసి కొడతాడు. ఇంటర్వెల్ అయ్యేసరికి సగం హాలు తిట్టుకుంటూ వెళ్ళిపోయింది.

నేను కదల్లేదు. స్టేజీ మూలన నాకొక మహానుభావుడు కనిపించాడు. అందరూ పూనకమొచ్చినట్టు ఊగుతుంటే ఆయన మాత్రం కుర్చీలో కూర్చుని, ముందు ఒక బల్ల లాంటిదానిమీద తీగలు పరుచుకుని, బస్సు కోసం ఎదురుచూసేవాడి ముఖంతో వాయిస్తున్నాడు. పక్కవాడు గిటారు పగలగొట్టినా కళ్ళెత్తి చూడలేదు. అంటే అంతమందికి ఎదురుగా ఉండి కూడా కూర్చోవచ్చన్న మాట. ఇన్నేళ్ళూ ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు. దాన్ని స్టీల్ గిటారంటారని మా ఇంగ్లీషు సారు తర్వాత చెప్పాడు. ఆయనా అదే ఆటకు ముఖానికి రుమాలు కట్టుకుని వచ్చాడు.

ఆ విద్యను సినిమా చూసే నేర్చుకుందామనుకున్నాను. చిక్కల్లా కెమెరావాడితోనే. వాడికి ఆ పెద్దమనిషి మీద ఏదో పాత పగ ఉండాలి. ఆయన్ను ఇలా చూపించి, నేను కళ్ళు పెద్దవి చేసేలోపలే పాటగాడి కొండనాలుక మీదికి పోయేవాడు. తర్వాతి ఆదివారమూ అదే బొమ్మ ఆడింది, మళ్ళీ పోయాను. ఒకసారి చెయ్యి, ఒకసారి పాదాలు, ఒకసారి ముఖం దొరికాయి. గుడ్డివాళ్ళు ఏనుగును తడిమినట్టు తడిమి, దొరికిన ముక్కల్ని అతికాను. తీగలు మగ్గం మీది నిలువు పోగుల్లా, పడుగులా పరిచి ఉన్నాయి. కింద తొక్కుడు చెక్కలున్నాయి, కాళ్ళు వాటిని తొక్కుతున్నాయి. ఎడమ చేతిలో మెరిసే వస్తువేదో ఉంది. ఇంకోసారి చూపించినప్పుడు ఆ వస్తువు అటు పక్క చేతిలో ఉంది.

ఒకసారి ముందు నుంచి, ఒకసారి వెనక నుంచి తీశాడని మీకు తట్టింది కదా. మగ్గం కింద పుట్టి పెరిగినవాడికి తట్టదు. కాలు తొక్కగానే ఈ చేతిలోది ఆ చేతిలోకి పోయిందంటే, అది నాడె కాక ఇంకేమిటి?

ఇంటికొచ్చి చెప్పాను. "బాపు, ఇంగ్లీషోళ్ళు సుత మగ్గం మీదనే పాట నేస్తుండ్రు."

బాపు నోట్లోని బీడీ తీసి, "పూటకెన్ని గజాలు దిగుతది?" అన్నాడు.

ఆ వారమే మామ వచ్చాడు. ఏం చేస్తున్నావురా అని అడిగితే, గిటారు వాయిస్తున్నానన్నాను. ఇంట్లో గిటారు లేదన్న సంగతి అప్పటికి చిన్న విషయంగా తోచింది.

"నిలబడా?" అన్నాడు మామ అనుమానంగా.

"కూసుండి."

"గట్లనా. అయితే మా మిల్లు వినాయకుని కాడికొచ్చి వాయించు. మస్తు మంది ఉంటరు. ఆఖరిదాంక నువ్వు ఆడ కూసుంటే సరోజన ముచ్చట మాట్లాడుదం. నడుమల ఉరికినవో, ఇగ నా గడప తొక్కకు."

కరెంటు మీద నడిచే సాంచాలు వచ్చాక మా గుంట మగ్గం మూలపడి ఉంది. దాని కొయ్యలు కోసి చట్రం చేశాను. సైకిల్ బ్రేకు తీగలు విప్పి పడుగులా బిగించాను. తొక్కుడు చెక్కలకు తాళ్ళు కట్టాను. ఎడమ చెక్క తొక్కితే సగం తీగలు, కుడి చెక్క తొక్కితే మిగతా సగం పైకి లేచేవి. వాటి మీదుగా ఇనప ములుకుల నాడెను ఈ చేతి నుంచి ఆ చేతికి తోస్తే ఒక ధ్వని వచ్చేది. దాన్ని నేను సంగీతమన్నాను. బాపు దాన్ని బాయి గిరక అన్నాడు. అవ్వ, పక్కింటి బర్రె పాలియ్యడం లేదని వాళ్ళు అడుగుతున్నారంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట ఓడి, రచ్చ గెలవడానికి ఆదిలాబాద్ బస్సెక్కాను.

కండక్టర్ బస్సు మీదికి ఎక్కిస్తున్న సరుకును ఎగాదిగా చూశాడు. "గిదేంది?"

"గిటారు."

"నాకైతే మంచం లెక్కనే కొడుతున్నది. లగేజ్ టికెట్ దీస్కో."

మిల్లు ముందు పందిట్లో పొద్దుగూకే వేళకు జనం నిండారు. సగం మంది మరాఠీవాళ్ళు, సగం మంది మా దిక్కు నుంచి మగ్గాలు వదిలి వచ్చిన పనివాళ్ళు. నేను కొత్తగా కుట్టించిన బెల్‌బాటం ప్యాంటు వేసుకున్నాను. దాని అంచు ఎంత వెడల్పంటే, నేను ఆగినా అది ఇంకాస్త దూరం నడిచేది. కుర్చీలో కూర్చోగానే సరోజన ఒక దుప్పటి తెచ్చింది.

"బావా, కింద తాళ్ళు, చెక్కలు కనబడుతున్నయి. మంచిగ లేదు. దుప్పటి కడుత, జర కదలకు."

దుప్పటిని గిటారు ముందు నుంచి కిందికి వేలాడదీసి, లోపలికి దూరి చాలాసేపు ఏదో సర్దింది. బయటికి వచ్చాక నా ముఖంలోకి చూసింది.

"ఈసారి ఉరుకవు గదా బావా?"

"కూసుండెటోడు ఎట్ల ఉరుకుతడు?"

ఆమె దుప్పటి కొసను ఇంకోసారి సరిచేసింది. వెళ్ళి శిరా గంగాళం పక్కన, వాళ్ళమ్మ దగ్గర నిలబడింది.

మిల్లు సూపర్‌వైజర్ మరాఠాయన. మైకు నా తీగల దగ్గర పెట్టించి, "ఇప్పుడు లక్ష్మీరాజం అల్లుడు విలాయతీ బాజా వాయిస్తడు" అని ప్రకటించాడు. ఎడమ చెక్క తొక్కి నాడె తోశాను. ఇంట్లో బాయి గిరకలా వినిపించిన ధ్వని ఇక్కడ మైకులో పడి రైలు బ్రేకు వేసినట్టయింది. ముందు వరుసలో చంకపిల్లలు ఒకేసారి ఏడుపందుకున్నారు. సినిమాలో ఆయన ముఖం ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుని, అలాగే పెట్టాను. కుడి చెక్క తొక్కి మళ్ళీ తోశాను.

మా దిక్కు ముసలాయన ఒకడు మామను అడగడం నాకు వినిపించింది. "లక్ష్మీరాజం, మీ అల్లుడు ఏం నేస్తుండు? చీరనా, తువ్వాలనా?"

"ఊకోవయ్యా. అది ఇంగ్లీషు మగ్గం," అన్నాడు మామ. నన్ను మోయలేకపోయినా ఆ పూటకు మోశాడు పాపం.

కుర్చీలో కూర్చున్న ధైర్యంతో నేను వేగం పెంచాను. నాడె దారిలో ఉండగా తప్పు చెక్క తొక్కకూడదని మా ఇంట్లో పాకే పిల్లలకు కూడా తెలుసు. నేను తొక్కాను. తీగలు కింద నుంచి లేచి నాడెను ఎగరేశాయి.

"నాడె లేశింది, ఒంగుండ్రి!" అని మామ కేకవేశాడు.

నేతగాళ్ళందరూ పాత అలవాటుకొద్దీ ఒక్కసారిగా తలలు వంచారు. మిగతావాళ్ళు పిట్టను చూసినట్టు పైకి చూశారు. నాడె వెళ్ళి ట్యూబులైటును పగలగొట్టి, అక్కడి నుంచి వచ్చి శిరా గంగాళంలో నిటారుగా దిగబడింది. మైకు కుయ్యోమంది. ఎవడో "కరెంటు, కరెంటు" అని అరిచాడు. సూపర్‌వైజర్ "పళా, పళా" అంటూ మరాఠీలో ఉరికాడు, మిగతా పందిరి తెలుగులో ఉరికింది.

అందరికన్నా ముందు ఉరకాల్సినవాణ్ణి నేను. మోకాళ్ళు తమ పని మొదలుపెట్టాయి. కుడికాలు లేచింది. ఎడమకాలు లేవలేదు. గుంజితే చట్రమంతా నాతోపాటు కదిలింది. బెల్‌బాటం అంచు తొక్కుడు తాడులో చిక్కుకుంది. ఇంకోసారి గుంజాను, తాడు ఇంకా బిగిసింది. చేసేదేమీ లేక మళ్ళీ కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను కానీ, ముఖానికి వేరే ఏ భంగిమా రాక సినిమాలో ఆయన ముఖమే అలా ఉండిపోయింది. పందిట్లో చివరికి ఇద్దరమే మిగిలాం, వినాయకుడూ నేనూ. ఆయనా కదల్లేదు, నేనూ కదల్లేదు.

కాసేపటికి పత్తి బోరాల వెనక నుంచి మామ తొంగిచూశాడు. పగిలిన లైటును, గంగాళంలో నాడెను, కుర్చీలో నన్ను వరుసగా చూశాడు.

"సూపర్‌వైజర్ ఉరికిండు. నేను సుత ఉరికిన. నువ్వు ఉరకలే," అన్నాడు మెల్లగా.

నేను వినాయకుడి వంకే చూస్తూ కూర్చున్నాను. ఆ స్థితిలో ఏం మాట్లాడినా నిజం బయటపడేది.

మామ గిరుక్కున తిరిగి ఇంటికి పోయి, నా పాత చెప్పులు తెచ్చి ముందు పెట్టాడు. "దీస్కో. దసరా దాటినంక ముహూర్తం వెట్టుకుందం."

"మరి పాట సగమే అయింది మామా."

"సగమే చాలు. ఆ మిగిలింది ఇగ ఎన్నడు వద్దు."

దుప్పటి విప్పుతానని సరోజన కత్తెర పట్టుకుని కిందికి దూరింది. టక్కుమని చప్పుడైంది, నా కాలు వదులైంది. నా పరువు పోయే సంగతి చూసి కూడా ఎవరికీ చెప్పలేదని ఆ పిల్ల మీద నాకు కన్నీళ్ళొచ్చినంత పనైంది. దసరా తర్వాత పెళ్ళైంది. చుట్టాల్లో నా నిలకడ గురించి మామ చెప్పని రోజు లేదు. వినగా వినగా నేనూ నమ్మాను, పిల్లలు పుట్టాక వాళ్ళకూ అదే చెప్పాను.

చాలా ఏళ్ళకు మా ఇంట్లోకి కేబుల్ టీవీ వచ్చింది. ఒక సాయంత్రం అలాంటి పాత బురద మైదానం సినిమానే వస్తోంది. స్టేజీ మూలన ఒక స్టీల్ గిటారాయన. ఈ కెమెరావాడు మంచివాడు, ఆయన మీద తీరిగ్గా నిలిచాడు. మెరిసే ఆ కడ్డీ ఎడమ చెయ్యి వదిలి అంగుళం కూడా పోలేదు. కుడి చెయ్యి తీగలు మీటుతోంది. పిల్లలు నా దిక్కు చూసి పొట్టలు పట్టుకున్నారు. పరువు కాపాడుకుందామని అన్నాను, "వాయించుడు పక్కన వెట్టుండ్రి. చుట్టూ అంత లొల్లయితున్నా ఎట్ల కదలకుండ కూసున్నడో చూడుండ్రి. నేను సుత గట్లనే కూసున్న."

సరోజన చిక్కుడుకాయలు తుంచుతూ టీవీ వంక చూసింది.

"పాపం, ఆయన కాలుకు ముడేశిందెవలో," అంది.

నేను టీవీ చప్పుడు తగ్గించాను. "అది చిక్కుపడ్డది గదా?"

"చిక్కుకు నేత ముడి పడ్తదా బావా? నువ్వు ఉరుకుతవని నాకెర్కనే. ఉరికితె మా బాపు ఇయ్యడు. గందుకే ఏశిన."

"నేను ఉరకకపోదునేమో."

"ఒక కాలు లేశింది. నేను జూసిన."

మా పెళ్ళికి పడ్డ ముళ్ళు మూడేనని, అన్నీ వేసింది నేనేనని ఇప్పటికీ ఊరంతా అనుకుంటుంది. అందుచేత గణపతి ఎదుట ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో తీగలున్న దేని ముందూ కూర్చోను, అది బట్టలారేసే తీగైనా సరే. బెల్‌బాటం మళ్ళీ ఫ్యాషన్లోకి వచ్చినా ముట్టను. ఈ ప్రమాణం నిలబడి చేద్దామని లేచాను. సరోజన కూర్చునే చేయమంది.