దొంగజేబులు కుట్టిన పిల్ల

మా వీధిలో ఆ అమ్మాయిని అందరూ సూదిపిల్ల అనే పిలిచేవాళ్ళు. వాళ్ళ నాన్న టైలరు. ఆయన పోయాక మిషనూ కత్తెరా ఆ పిల్ల చేతికొచ్చాయి. తల్లికి మోకాళ్ళ నొప్పులు, గోడకు చేరగిలబడి కాజాలు కుట్టేది. నేను ఆ షాపు పైగదిలో అద్దెకుండేదాన్ని. కింద మిషను ఆగిందంటే పిల్లకి ఒంట్లో బాగోలేదనో, ఊళ్ళో ఏదో జరిగిందనో అనుకునేదాన్ని.

మా ఊళ్ళో జరగడమే ఎక్కువ. గేటు దగ్గర సైనికులు, కొండల్లో తుపాకులు పట్టుకున్న మా ఊరి కుర్రాళ్ళు. ఇద్దరూ మా కోసమే కొట్టుకుంటున్నామనేవాళ్ళు. కొట్టుకోమని మేమెప్పుడు చెప్పామో మాకే గుర్తులేదు. ఎప్పుడు ఎవరొచ్చి ఇల్లు సోదా చేస్తారో తెలియదు కాబట్టి ఆడవాళ్ళం విలువైనవి ఒంటిమీదే పెట్టుకు తిరిగేవాళ్ళం. అందుకని సూదిపిల్ల కుట్టే ప్రతి జాకెట్టుకీ ఒక దొంగజేబు ఉండేది. అందరికీ ఒకేచోట కుడితే దోచుకునేవాడికి పని సులువు. అందుకే ఒకరికి చంక కుట్టు కింద, ఒకరికి హుక్కుల పట్టీ వెనక, ఇంకొకరికి వీపున లైనింగు మడతలో కుట్టేది. ఎవరిది ఎక్కడుందో మరొకరికి చచ్చినా చెప్పేది కాదు. వాళ్ళ నాన్న పెట్టిన కట్టడి అది. ఓసారి ఆటపట్టిద్దామని, "మా ఎదురింటావిడ జేబు ఎక్కడే?" అని అడిగాను.

"నీదెక్కడో ఆవిడకి చెప్పమంటావా పిన్నీ?" అంది తలెత్తకుండానే. నోరు మూసుకుని మేడెక్కాను.

ఇలా ఉండగా పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఊరి శాంతి కమిటీలో పాతికేళ్ళలోపు ఆడపిల్ల ఒకరు ఉండితీరాలట. ఆడవాళ్ళకి సంబంధించిన ఏ తీర్మానమైనా ఆ పిల్ల చెయ్యెత్తందే చెల్లదట. కమిటీ అంటే ఏమంత గొప్పది కాదు. అధ్యక్షుడు రిటైరైన మాస్టారు. మంచివాడే, కాకపోతే తన నీడని చూసి తనే ఉలిక్కిపడే రకం. ఆయన పక్కన లారీల యజమాని, ఆయన ఎటు చెబితే అటు తలూపే మరో నలుగురు. వాళ్ళకి కావలసింది నోట్లో నాలుక లేని పిల్ల. ఊరంతా గాలించి సూదిపిల్ల షాపు మెట్లెక్కారు.

వాళ్ళొచ్చేసరికి ఆ పిల్ల నోట్లో గుండుసూదులున్నాయి. ఎవరిదో గౌను అంచు మడుస్తోంది. మాస్టారు విషయం చెప్పారు. ఒక్కొక్క సూదీ తీసి నోరు ఖాళీ చేసుకునేలోపే లారీలాయన లేచి నిలబడ్డాడు.

"ఇంకేముంది మాస్టారూ, పిల్ల కాదనలేదుగా. మనకి కావాల్సింది ఇలాంటి పిల్లే."

తల్లి చేతిలో గుడ్డ పక్కన పెట్టేసింది. "అయ్యా, దాని అన్న సంగతి మీకు తెలియందేముంది. మమ్మల్నిలా వదిలేయండి."

"అందుకేనమ్మా చెప్పేది. పిల్ల కమిటీలో ఉంటే మీ గుమ్మంలోకి ఎవరూ రారు," అన్నారు మాస్టారు. ఆ మాటతో తల్లి పక్కన పెట్టిన గుడ్డ మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

అన్న రెండేళ్ళ కిందట ఇంట్లోంచి వెళ్ళి మళ్ళీ రాలేదు. పట్నంలో పని దొరికిందని వాళ్ళు చెప్పేవాళ్ళు, మేం నమ్మినట్టే ఉండేవాళ్ళం. వదిన రెండు వీధుల అవతల పుట్టింట్లో ఉంటూ మాతోపాటే ప్యాకింగ్ షెడ్డుకి పనికొచ్చేది.

షెడ్డు వంతెన అవతల, వంతెన మొదట్లో గేటు. మందులూ బ్యాటరీలూ అవతలికి పోకూడదని రూలు. కొండల్లోకి చేరతాయని వాళ్ళ భయం. అందుకని రోజూ పొద్దున్నే మేం లైను కట్టాలి, మూతిమీద మీసం సరిగా రాని సైనికులు మమ్మల్ని తడిమి పంపాలి. దాని గురించి ఎక్కువ రాయను. ఇంటికొచ్చి ఒంటిమీద ఎన్ని నీళ్ళు గుమ్మరించుకున్నా పోని అసహ్యం అది. నా కూతురి వయసు పిల్లలు నా వెనక నిలబడి, తమ వంతు రాకముందే కళ్ళు మూసుకునేవాళ్ళు. నాకా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

కమిటీ బడిలో ఒక తరగతి గదిలో కూర్చునేది. సూదిపిల్లకి తలుపు పక్కన ఆఖరి కుర్చీ. మంచినీళ్ళు అందుకోవడానికి వీలుగా ఉంటుందని. "చెయ్యెత్తమ్మా" అంటే ఎత్తేది.

"ఏం చేశావే ఇవాళ?" అని అడిగితే, "నా చెయ్యి మూడుసార్లు లేచింది పిన్నీ. దేనికో మాత్రం అడక్కు," అనేది. నవ్వుతూనే అనేది. కానీ ఆ పూట మిషను మీద కూర్చుంటే దారం ఊరికే తెగేది.

జాకెట్టు కొలతలకొచ్చిన ప్రతివాళ్ళూ ఆ పిల్లని సాధించడం మొదలుపెట్టారు. "కుర్చీలో కూర్చున్నావు, గేటు దగ్గర ఆడమనిషిని పెట్టమని ఒక్కమాట అడగవే, పుణ్యముంటుంది." ఒకరోజు గేటు అధికారి కూడా మీటింగుకొచ్చాడు. లారీల రాకపోకల గురించి మాట్లాడుకుని అందరూ లేవబోతుంటే ఆఖరి కుర్చీ కదిలిందట.

"గేటు దగ్గర ఆడవాళ్ళని ఆడవాళ్ళే చూడాలండీ. అడ్డంగా తెర ఉండాలి." అంతే. అంతకు మించి ఒక్క ముక్క రాలేదంది నాతో. కుర్చీ పట్టుకు నిలబడిందట.

అధికారి కోప్పడలేదు. అదే కొంప ముంచింది. "తెర కట్టుకోండి. ఆడమనిషిని ఇవ్వండి. నాకేం అభ్యంతరం లేదు. ఎవరొస్తారు?"

ఎవరొస్తారు? గేటు పనిలో చేరిన మనిషిని కొండల్లోవాళ్ళు ఏమంటారో అక్కడున్న అందరికీ తెలుసు. లారీలాయన సకిలించాడు. "అడిగిన అమ్మాయి ఎదురుగా ఉండగా వేరేవాళ్ళెందుకండీ? పొద్దస్తమానం ఆడవాళ్ళ కొలతలు తీసే చేతులేగా!"

అందరూ నవ్వారు. అందరి చేతులూ లేచాయి. మాస్టారు ఆ పిల్ల వైపు చూశారు. చెయ్యెత్తకపోతే రేపు పొద్దున మళ్ళీ ఆ సైనికుల చేతులే. ఎత్తింది.

తెర కూడా తనే కుట్టింది. ముదురు నీలం గుడ్డ, కింద గాలికి లేవకుండా అంచులో ఇనప చువ్వ. మొదటిరోజు ఆ తెర వెనక్కి వెళ్ళినప్పుడు నాకు ఏడుపొచ్చింది. వేళ్ళకొసలతో అలా తాకి, "అయిపోయింది, వెళ్ళు పిన్నీ" అంది. ఆ వారం మా లైనులో ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకున్నారు.

కానీ ఆ పిల్ల ఆ వారం అన్నం సరిగా తినలేదు. రెండోరోజే తనకి తెలిసొచ్చిందట. సైనికుల చేతులకి ఇన్నాళ్ళూ దొరకనివి తన చేతులకి వెతక్కుండానే దొరుకుతున్నాయి. ప్రతి జేబూ తను కుట్టిందే. ఒకరి దగ్గర దగ్గు మందు, ఒకరి దగ్గర చిన్న బ్యాటరీ, మరొకరి దగ్గర కొడుకు ఫొటో వెనక నాలుగు అక్షరాలు. తెలియనట్టే వదిలేసేది. వదిలేస్తున్నానని ఎవరికి చెప్పగలదు? ప్రతి జేబూ తన చేతికి తెలుసని వాళ్ళకీ తెలుసు. తెలిసిన చెయ్యి ఒంటిమీద ఆగితే ఎవరికైనా పైప్రాణాలు పైనే పోతాయి. నన్ను వదిలింది సరే, పక్కావిడని పట్టించిందేమో అని ప్రతివాళ్ళకీ అనుమానం. మెల్లగా లైనులో కబుర్లు ఆగిపోయాయి. కొత్త జాకెట్లు వేరే షాపుకి పోయాయి. ఒక పొద్దున షాపు తీసేసరికి మిషను బెల్టు కోసేసి ఉంది. తలుపు గొళ్ళెం మాత్రం వేసినట్టే ఉంది, ఎవరో తెలిసినవాళ్ళ పనే. తల్లి ఆ రెండు ముక్కలూ ఒళ్ళో పెట్టుకుని పగలంతా అలాగే కూర్చుంది.

ఇటు చూస్తే అధికారి. "ఇన్నాళ్ళల్లో ఒక్కటీ దొరకలేదా? మీ ఊళ్ళో అందరూ దేవతలేనా?" మానేస్తానని మాస్టారి దగ్గరికెళితే, నువ్వు మానేస్తే ఆ తెర ఉండదమ్మా అన్నారు. ఇంట్లో తల్లి ముఖం చూడలేకపోయేది, గేటు దగ్గర మా ముఖాలు చూడలేకపోయేది. నా గదికొచ్చి కిటికీ దగ్గర ఊరికే నిలబడేది. ఆ పిల్లకి ఊపిరాడటం లేదని నాకు తెలుస్తూనే ఉండేది. నేను చెయ్యగలిగింది మాత్రం ఏమీ లేదు.

అలాంటప్పుడు మాస్టారు పరుగులాంటి నడకతో షాపుకొచ్చారు. గేటు పనికి పట్నం నుంచి వేరే ఆవిడని రప్పిస్తున్నారట. ఆడవాళ్ళ సంగతి కాబట్టి కమిటీ తీర్మానం కావాలి, ఎల్లుండి చెయ్యెత్తితే చాలు. "నీకు విడుదలమ్మా," అన్నారాయన. ఆయన కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. సూదిపిల్ల ఆ పూటే వెళ్ళి కొత్త బెల్టు తెచ్చి బిగించింది. చాన్నాళ్ళకి కింద మిషను మోగింది. నేను పైన పని ఆపుకుని విన్నాను.

మర్నాడు పొద్దున లైనులో వాళ్ళ వదిన నాకు ముందుంది. తెర వెనక్కి వెళ్ళింది, వెంటనే రాలేదు. వచ్చినప్పుడు ఎవరివైపూ చూడకుండా వంతెన మీద గబగబా నడిచిపోయింది. నేను లోపలికెళ్ళేసరికి సూదిపిల్ల రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడి ఉంది. నన్ను తాకనేలేదు. "పో పిన్నీ" అంది.

సాయంత్రం నా గదికొచ్చి తలుపు వేసింది.

"వదిన హుక్కుల పట్టీ వెనక నేను కుట్టింది వేలెడంత జేబు. అది విప్పేసి, వంకరటింకరగా తనే పెద్దది కుట్టుకుంది. నిండా మందుబిళ్ళలు. అన్నయ్య కాలికి దెబ్బ తగిలి చీము పట్టిందట పిన్నీ."

"ఏమన్నావు?"

"ఏమంటాను? హుక్కు సరిగా పెట్టి పంపాను." కిటికీ దగ్గరికెళ్ళి నిలబడింది. "లైనంతా వెళ్ళాక ఆ అధికారి నవ్వుతూ వచ్చాడు. కొత్తావిడ జైల్లో పనిచేసిందట. చేతిలో బ్లేడు పెట్టుకుని, అనుమానం వచ్చినచోటల్లా కుట్లు విప్పి చూస్తుందట. నీలా మొహమాటపడదులే అన్నాడు."

అయినా అన్నాను, "నువ్వు బయటపడవే. వదినని మానుకోమని చెప్పు. ఆవిడ పాట్లేవో ఆవిడ పడుతుంది."

"ఇప్పుడు వాళ్ళింటికెళ్ళి చెప్పే వస్తున్నాను. మందులు ఆగితే కాలు పోతుంది, కాలు పోతే మనిషే పోతాడంది. ఒక్క వదినే కాదు పిన్నీ, లైనులో సగంమంది జేబుల్లో ఏదో ఒకటి ఉంటోంది. వాళ్ళకి ఎలా చెప్పను? ఎవరి దగ్గర ఏముందో నాకు తెలుసని చెబితే ఇంక నన్ను బతకనిస్తారా?" చేతులు చూసుకుంది. "రేపు చెయ్యెత్తితే నేను బయటపడతాను. వాళ్ళు జైలుకి పోతారు."

మర్నాడు షెడ్డు మానేసి బడి కిటికీ దగ్గర నిలబడ్డాను. నాలాగే చాలామంది వచ్చారు. సూదిపిల్ల పోతోందని కొందరికి సంబరంగానే ఉంది. మాస్టారు తీర్మానం చదివారు. చేతులు టకటకా లేచాయి. ఆఖరి కుర్చీలో చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది.

"ఎత్తమ్మా," అన్నారు మాస్టారు మెల్లగా. చదివింది వినలేదేమో అనుకున్నారు పాపం.

సూదిపిల్ల లేచి నిలబడింది. ఈసారి కుర్చీ పట్టుకోలేదు. "నేను ఒప్పుకోనండీ. ఆ పని నేనే చేస్తాను."

"ఏమిటమ్మా ఇది, నీ కోసమే కదా..."

"ఆడవాళ్ళ సంగతి నా చెయ్యి లేవందే చెల్లదన్నారు. లేవదు. రాసుకోండి."

ఆ పిల్ల అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. వేరే రోజైతే, వేరే మాటైతే, ఆ కిటికీ దగ్గర చప్పట్లు కొట్టేదాన్ని. లారీలాయన తొడ చరిచి నవ్వాడు. "చూశారా మాస్టారూ, నోట్లో నాలుక లేదనుకున్నాం. గేటు రుచి మరిగింది పిల్ల!" అధికారి మాత్రం నవ్వలేదు. కళ్ళు చికిలించి చూస్తూ, సరే, ఇకనుంచి ఏదో ఒకటి దొరకాలి మరి, అన్నాడు. పక్కనున్న ఆడవాళ్ళలో ఒకావిడ నేలమీద ఉమ్మేసింది. నేను నోరు తెరవబోయి మూసుకున్నాను. నేను నిజం చెబితే ఆ పిల్ల చేసిందంతా బూడిదలో పోసినట్టే.

అప్పట్నించి అధికారి కోసం సూదిపిల్ల తనే ఎక్కడో బ్యాటరీలు కొని, బెంచీ కింద ఎవరో పారేసి పోయారని అప్పుడప్పుడూ ఇచ్చేది. అవి చూసి మావాళ్ళు మరీ రెచ్చిపోయారు. చూశారా, పట్టించడం మొదలెట్టింది అన్నారు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది వాళ్ళ వదిన. లైనులో నిలబడి, అందరికీ వినపడేలా ఎత్తుకునేది. "నా ఆడపడుచని చెప్పుకోడానికే సిగ్గేస్తోంది. ఆ చేతులు విరిగిపోను! సొంతవాళ్ళని కూడా వదలదు!" మిగతావాళ్ళు వంత పాడేవాళ్ళు. వదిన తిట్టుకుంటూనే తెర వెనక్కి వెళ్ళేది, తిట్టుకుంటూనే బయటికొచ్చి వంతెన దాటేది. ఒకరోజు నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి ప్రాణం ఎవరు కాపాడుతున్నారో తెలిసి కూడా ఏం నోరమ్మా అది! ఆ నోరు మూయించాల్సిందేనని పళ్ళు కొరుక్కుంటూ లోపలికెళ్ళాను.

సూదిపిల్ల నా చంక కుట్టు మీద వేళ్ళు ఆనించింది. మొహం చిక్కిపోయింది, కళ్ళకింద నలుపు. తెర అవతల బూటు చప్పుడు దూరమయ్యేదాకా ఆగి, నా చెవి దగ్గరికొచ్చింది.

"వదినకి నేనే చెప్పాను పిన్నీ, తిట్టమని. ఇవాళ అధికారి దాకా సరిగా వినపడినట్టు లేదు. రేపు ఇంకొంచెం గట్టిగా తిట్టమను."